పాత డీజిల్ బండికి పంపు కారుతోందా? వాషర్లు, కిట్టు, ల్యాబ్, తుక్కు పంపు: ఏది ఎప్పుడు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పాత డీజిల్ బండి బానెట్ ఎత్తి, ఇంజెక్షన్ పంపు, అంటే ఇంజన్‌కి డీజిల్ కొట్టే పంపు దగ్గర తడి చూపించండి. కొందరు "పంపు పోయింది సార్, మార్చేద్దాం" అంటారు. ఇంకొందరు "ఏటీ కాదు బాబూ, కిట్టు ఏసేద్దాం" అంటారు. కిట్టు అంటే పంపులో వేసే కొత్త రబ్బరు సీళ్ల ప్యాకెట్. రెండూ అలవాటు కొద్దీ వచ్చే మాటలే. మీ జేబుకి ఏది నయమో తేలాలంటే డీజిల్ ఏ చోటు నుంచి వస్తోందో ముందు తెలియాలి. ఒకే పంపులో ఒక చోట కారితే నాలుగు రాగి వాషర్లతో పని అయిపోతుంది. ఇంకో చోట కారితే పంపు దించి ల్యాబ్‌కి, అంటే ఇంజెక్షన్ పంపులే బాగుచేసే చోటుకి, పంపక తప్పదు. మరో చోట కారితే బండిని ఇంటిదాకా కూడా తోలకూడదు. అది తేలకుండా రేటు అడిగితే, ఎవరు చెప్పిన రేటైనా గాలిలో లెక్కే.

ఇదంతా పాత మెకానికల్ పంపుల సంగతి. వెనక నుంచి నాలుగు పైపులు బయటికొచ్చే చిన్న రోటరీ పంపు ఒక రకం. మైకో వాళ్ల వీఈ పంపు అంటే ఇదే, డీఐ బొలెరో తరం బండ్లలో కనపడుతుంది. పాత డీజిల్ అంబాసిడర్లలో, చాలా ట్రాక్టర్లలో లూకాస్ డీపీఏ ఉంటుంది. లారీల్లో, పెద్ద వ్యాన్లలో ఎలిమెంట్లు, అంటే ఒక్కో సిలిండర్‌కి డీజిల్ నెట్టే జతలు, వరసగా నిలబెట్టిన ఇన్‌లైన్ పంపు. పంపు మీద మైకో అని ఉన్నా, బాష్ అని ఉన్నా కంగారు పడక్కర్లేదు, ఇల్లు ఒకటే. మైకో కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకుంది. మీది కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే కొత్త తరం డీజిల్) ఇంజన్ అయితే మాత్రం ఇక్కడితో ఆపేయండి. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది, మరమ్మతు పద్ధతే వేరు.

ఇన్నాళ్లూ కారని పంపు ఇప్పుడే ఎందుకు కారుతోంది? మొదటి కారణం వయసు. పదిహేను, ఇరవై ఏళ్లు వేడిలో ఉన్న రబ్బరు రాయిలా గట్టిపడుతుంది. రెండోది డీజిల్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్ వస్తోంది, అందులో గంధకం 10 పీపీఎంకి (పది లక్షల్లో పది వంతులకి) మించకూడదు. బీఎస్-3 రోజుల్లో 350 దాకా ఉండనిచ్చేవారు. గంధకం తీసే క్రమంలో ఆరోమాటిక్స్ అనే పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. పాత నైట్రైల్ రబ్బరు ఉబ్బి బిగుతుగా ఉండేది వాటి వల్లే. అవి తగ్గాక, అప్పటికే గట్టిపడ్డ ఓ-రింగు కాస్త ముడుచుకుంటుంది, సందు ఇస్తుంది. అందుకే ఇప్పుడు వేసే కిట్టులో ఏ రబ్బరు ఉందన్నది ముఖ్యం. ఆ సంగతి తర్వాత.

పంపేనా, పైనున్న ఫిల్టరా?

పంపు తడిగా ఉన్నంత మాత్రాన కారేది పంపే అనుకోకండి. చాలా బండ్లలో డీజిల్ ఫిల్టరు, చేత్తో కొట్టే ప్రైమర్, రిటర్న్ పైపులు పంపుకి పైనే ఉంటాయి. ఫిల్టరు మార్చినప్పుడు పాత రబ్బరు రింగు అలాగే ఉంచి బిగిస్తే, అక్కడ కారిన డీజిల్ పంపు మీద పడి, దాని కింద నుంచి చుక్కలు రాలుతుంది. ఇంజెక్టర్ల మధ్య ఉండే సన్నటి రిటర్న్ గొట్టాలు పగిలినా ఇంతే. ఈ గొట్టాలు మీటర్ల లెక్కన దొరుకుతాయి, మార్చడానికి పంపు జోలికి పోనక్కర్లేదు.

తేల్చే పద్ధతి చాలా సులువు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పంపుని, చుట్టుపక్కల పైపుల్ని బ్రష్‌తో, కొంచెం డీజిల్‌తో శుభ్రంగా కడగండి. పెట్రోల్ వాడొద్దు. గుడ్డతో తుడిచి, గాలి కొట్టించి పూర్తిగా ఆరనివ్వండి. ఇప్పుడు పంపు ఒంటినిండా మామూలు టాల్కం పౌడర్ చల్లండి. స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఉంచి, టార్చి వేసి చూస్తూ ఉండండి. తెల్లటి పొడి మీద ఎక్కడో ఒక చోట ముదురు బూడిదరంగు చుక్క పుడుతుంది, అది మెల్లగా కిందికి గీతలా సాగుతుంది. గీత ఎక్కడ ముగిసిందో చూడకండి, ఎక్కడ మొదలైందో చూసి ఫోన్‌తో ఫొటో తీయండి. ఐడ్లింగ్‌లో ఏమీ కనపడకపోతే ఎవరినైనా కూర్చోబెట్టి రేస్ చేయించండి. వీఈ పంపు లోపలి ప్రెషర్ ఇంజన్ వేగంతో పాటు పెరుగుతుంది కాబట్టి కొన్ని లీకులు అప్పుడే బయటపడతాయి. మెకానిక్‌కి నోటిమాట కంటే ఆ ఫొటో చూపిస్తే బేరం వేరేగా సాగుతుంది.

పంపు నుంచి ఇంజెక్టర్లకి పోయే ఉక్కు పైపుల నట్ల దగ్గర ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడొద్దు. అక్కడ ప్రెషర్ వందల బార్లలో ఉంటుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనపడినా లోపల కండ చచ్చిపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. అనుమానం ఉన్న చోట అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

ఇంకో రకం లీకు కంటికి కనపడదు. బండి నడుస్తున్నప్పుడు ఒక్క చుక్క రాలదు గానీ, రాత్రంతా నిలబడితే పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది. ట్యాంకు నుంచి పంపుదాకా వచ్చే దారిలో ఎక్కడో గాలి లాగుతోందన్నమాట. పంపుకి వచ్చే గొట్టం స్థానంలో కాసేపు పారదర్శకమైన గొట్టం పెట్టి చూస్తే బుడగలు కనపడతాయి. దీన్ని పట్టుకోకుండా పంపు విప్పించి, మళ్లీ అదే కంప్లైంట్‌తో షెడ్డుకి తిరిగేవాళ్లు మన ఊళ్లో తక్కువేమీ లేరు.

ఎక్కడ కారితే ఏం చేయాలి

అన్నిటికంటే తేలిక: డీజిల్ లోపలికి వచ్చే, బయటికి పోయే బోల్టుల దగ్గర కారడం. రాగి వాషర్లు మారిస్తే చాలు. ఒకసారి నలిగిన వాషర్‌ని మళ్లీ గట్టిగా బిగిస్తే ఆగదు, బోల్టు మరలు పోతాయి. వీఈ పంపులో ఒక జాగ్రత్త ఉంది. రిటర్న్ బోల్టు మీద ఔట్ అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. చూడ్డానికి రెండు బోల్టులూ ఒకేలా ఉంటాయి గానీ, రిటర్న్ బోల్టు లోపల చిన్న బెజ్జం ఉంటుంది. పంపు లోపలి ప్రెషర్‌ని నిలబెట్టేది అదే. కడిగేటప్పుడు ఒకదాని చోట ఒకటి పెట్టేస్తే బండి సరిగ్గా లాగదు, అప్పుడు నింద మళ్లీ పంపు మీదే పడుతుంది.

వెనక పైపులు కలిసే డెలివరీ వాల్వ్ హోల్డర్ల కింద కారితే అదీ బండి మీదే చేయొచ్చు. కాకపోతే దుమ్ము పడని చోట, ఒక్కో వాల్వూ విడివిడిగా తీసి, ఏది ఎక్కడిదో అక్కడే పెడుతూ, టార్క్ రెంచ్‌తో బిగించే మనిషి కావాలి. విశాఖలో దీనికి ఇంకో చిక్కు ఉంది. బీచ్ రోడ్డు వైపో, హార్బర్ పరిసరాల్లోనో, భీమిలి దారిలోనో ఆరుబయట ఏళ్ల తరబడి నిలబెట్టిన బండికి ఉప్పుగాలి వల్ల ఆ ఉక్కు పైపుల నట్లు పైపుకే తుప్పుతో పట్టేసి ఉంటాయి. నట్టు తిప్పితే పైపు కూడా మెలిపడుతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచమని అడగండి. పైపు మెలిపడిందంటే చిన్న పని కాస్తా కొత్త పైపుల వేట అవుతుంది.

పై మూత గ్యాస్కెట్, యాక్సిలరేటర్ లీవర్ తిరిగే ఇరుసు దగ్గరి ఓ-రింగు: వీఈ పంపుల్లో తరచుగా కనపడే లీకు ఇదే. లీవర్ రోజంతా కదులుతూ ఉంటుంది కాబట్టి రబ్బరు అరిగేది ఎక్కువ అక్కడే. పంపు దించకుండానే మూత తీసి చేసేవాళ్లున్నారు, బాగానే చేస్తారు కూడా. కానీ లీవర్‌ని ఇరుసు పళ్ల మీద నుంచి తీసేముందు గుర్తు పెట్టుకోవాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఐడ్లింగ్ ఎక్కడికో పోతుంది. మూత కింద ఉండే గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) కొక్కెం, స్ప్రింగు తిరిగి సరిగ్గా తగలకపోతే ఇంజన్ వేగం చేతిలో ఉండదు. మూత లోపల ఇరుసు తిరిగే బెజ్జమే అరిగి ఉంటే కొత్త ఓ-రింగు ఎక్కువ కాలం నిలవదు. లీవర్‌ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. గడగడలాడితే మూతతో సహా చూడాల్సిందే, అది ల్యాబ్ పని.

వెనక పైపులు బిగిసే దిమ్మకీ (దీన్నే హెడ్ అంటారు) పంపు ఒంటికీ మధ్య గీతలో తడి వస్తే, బండి మీద ఉండగానే నాలుగు బోల్టులు వదులు చేసి ఓ-రింగు మార్చేస్తామనే ధీరులు దొరుకుతారు. వద్దు. లోపల స్ప్రింగులు, షిమ్ములు, క్యామ్ ప్లేటు, రోలర్లు హెడ్ ఒత్తిడి మీదే తమ చోట్లలో నిలబడి ఉంటాయి. పంపు అడ్డంగా ఉన్నప్పుడు హెడ్ కదిపితే ఏదో ఒకటి జారుతుంది. జారిందని తెలియకుండా బిగించి సెల్ఫ్ కొడితే లోపల విరుగుతుంది. అంతవరకూ ఓ-రింగు ఖర్చుతో పోయేది, అక్కణ్నుంచి పంపు ఖర్చే.

ఇక అసలు భయపడాల్సింది ముందు వైపు, అంటే గేరో, పుల్లీయో బిగించే ఇరుసు సీలు. పంపుని టైమింగ్ బెల్ట్ తిప్పే బండ్లలో ఇక్కడ కారిన డీజిల్ నేరుగా బెల్ట్ మీద పడుతుంది. డీజిల్ తాగిన బెల్ట్ మెత్తబడుతుంది. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇంజనే విప్పాల్సి వస్తుంది. గేర్ తిప్పే పంపుల్లో ఇంకా మోసం: బయటికి ఏమీ కనపడదు, డీజిల్ టైమింగ్ కేస్ గుండా ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, వేళ్ల మధ్య రుద్దండి. గుర్తు దాటి ఉండి, నీళ్లలా పల్చగా, డీజిల్ కంపు కొడుతుంటే బండి అక్కడే ఆపి టో చేయించండి. పల్చబడ్డ ఆయిల్‌తో బేరింగులు ఎంతసేపు నిలుస్తాయో చెప్పలేం. ఇన్‌లైన్ పంపుల్లో ఎలిమెంట్లు అరిగినా డీజిల్ కిందికి, ఆయిల్ వైపుకే దిగుతుంది. అక్కడ సీలు కిట్టు వేసినా ప్రయోజనం లేదు, ఎలిమెంట్లే మార్చాలి.

ఎం-సీల్ పూయడం, మూత చుట్టూ గమ్ పెట్టడం, డీజిల్లో ఏదో మందు కలపడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లోపల ప్రెషర్ ఉన్న చోట పైపూత నిలవదు. విప్పేటప్పుడు ఆ ముక్కలు పంపులో పడితే ఉన్న కష్టానికి ఇంకోటి తోడు.

"కారనీ, డీజిల్ కదా, పెట్రోల్ కాదుగా" అనే మాట కూడా వింటుంటాం. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలుంటే చాలు. మే నెలలో బానెట్ కింద వేడి ఎంతుంటుందో మీకు తెలుసు. పక్కనే సైలెన్సర్ మేనిఫోల్డ్. పైగా రోడ్డు మీద రాలిన డీజిల్, వాన చినుకు పడ్డ ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మలుపులో వెనకొచ్చే టూవీలర్ వాడికి ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

షెడ్డులో కిట్టు, ల్యాబ్‌లో కిట్టు

పంపు దించక తప్పదని తేలింది. ఇక్కడ అసలు ఎంపిక మొదలవుతుంది. ఒకటి, మీ మెకానిక్కే పంపు విప్పి సీల్ కిట్టు వేసి ఎక్కించడం. రెండోది, ఇంజెక్షన్ పంపులు మాత్రమే చేసే ల్యాబ్‌కి పంపి, కిట్టుతో పాటు టెస్టింగ్ బెంచి ఎక్కించి కాలిబ్రేషన్, అంటే పంపు కొట్టే డీజిల్ కొలత సరిచేయడం, చేయించడం. మొదటిది చౌక, ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. రెండోదానికి ఖర్చు ఎక్కువ, పార్టు దొరక్కపోతే రోజులు సాగుతుంది.

నా లెక్క ఇది. పంపు దించేదాకా వచ్చిందంటే ల్యాబ్‌కే పంపండి. ఎందుకంటే కిట్టు ఖరీదు ఈ పని మొత్తంలో చిన్న వాటా. దించడం, ఎక్కించడం, టైమింగ్ కట్టడం (డీజిల్ సరైన క్షణంలో పడేలా పంపుని అమర్చడం), గాలి తీయడం, బండి పనిలేకుండా నిలబడ్డ రోజులు: అసలు ఖర్చు అక్కడుంది. షెడ్డులో వేసిన కిట్టు ఆరు నెలల్లో మళ్లీ కారితే ఇదంతా రెండోసారి కట్టుకోవాలి. ముఖ్యంగా ముందు సీలు కారినప్పుడు. సీలు దానంతటదే పోవడం ఒకటి, లోపల ఇరుసు తిరిగే బుష్ అరిగి, ఇరుసు ఊగి ఊగి సీలు అంచుని తినేయడం ఒకటి. రెండో రకంలో కొత్త సీలు వేస్తే అదీ అలాగే పోతుంది. పంపు బెంచి మీద పెట్టగానే గేరు బిగించే కొసని పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడమనండి, మీరు దగ్గరుండి చూడండి. చేతికి తెలిసేంత ఊపు ఉంటే బుష్ మార్చాలి, అది కొట్టి, సైజుకి తీసే పనిముట్లు ల్యాబ్‌లోనే ఉంటాయి.

మరి షెడ్డులో కిట్టు ఎప్పుడు సరి? బండి పికప్ బాగుంది, పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది, నల్లపొగ తెల్లపొగ లేవు, ఇరుసు ఊగడం లేదు, కారేది పై మూత దగ్గరో పక్కన టైమింగ్ సర్దే అడ్వాన్స్ మూత దగ్గరో మాత్రమే. అప్పుడు ఆ పంపుని ల్యాబ్‌లో పూర్తిగా విప్పించి సెట్టింగులన్నీ కదిలించడం కంటే, తెలిసిన మెకానిక్ చేతిలో మూత వరకూ విప్పి సీల్ చేయించుకోవడమే మంచిది. బాగా నడిచే పంపు సెట్టింగులు కదపడం నాకు ఇష్టం ఉండదు. ఫుల్ లోడ్ స్క్రూకి ఉన్న సీలు తెంపి "కొంచెం పికప్ పెంచుతా సార్" అనేవాడికి బండి ఇవ్వకండి. పికప్ రావచ్చు, దాంతో పొగ, వేడి కూడా వస్తాయి.

కిట్టు విషయంలో బేరాలాడొద్దు. పంపు మీది రేకు నంబరు చెప్పి, కంపెనీ ప్యాకెట్‌లో వచ్చే కిట్టు అడగండి. ఊళ్లో రబ్బరు షాపుల్లో సైజు కుదిరే ఓ-రింగులు విడిగా దొరుకుతాయి. సైజు కుదరడం వేరు, రబ్బరు కుదరడం వేరు. డీజిల్‌కీ వేడికీ తట్టుకునే విటాన్ రకం అయితే ఇప్పటి డీజిల్‌తో ఎక్కువ కాలం నిలుస్తుంది. రంగు చూసి విటాన్ అని నమ్మొద్దు, నల్లవాటిలో నైట్రైల్, విటాన్ రెండూ ఉంటాయి.

ల్యాబ్‌కి ఇచ్చేముందు కొన్ని మాటలు ముందే మాట్లాడుకోవాలి. విప్పకముందు బెంచి మీద ఒకసారి, అయ్యాక ఒకసారి డెలివరీ కొలతలు తీసి ఆ కాగితం ఇస్తారా? మార్చిన పాత పార్టులన్నీ నా చేతికి ఇస్తారా? హెడ్, దానిలో తిరిగే రోటర్ మార్చాలని తేలితే నాకు ఫోన్ చేసి ఒప్పుకున్నాకే మారుస్తారా? ఈ మూడోది గట్టిగా అడగండి, బిల్లు ఒక్కసారిగా పెరిగేది అక్కడే. రోటర్ మీద గీతలు కంటికి కనపడతాయి, వేలిగోటికి తగులుతాయి. చూపించమంటే చూపించని ల్యాబ్ మనకి వద్దు. వీలైతే ఇంజెక్టర్లూ అదే ల్యాబ్‌లో ప్రెషర్ చూపించండి. పంపు సరిచేసి, ధార సరిగ్గా కొట్టని నాజిళ్లకి తగిలిస్తే పొగ అలాగే ఉంటుంది.

దించేటప్పుడు పంపు ఫ్లాంజ్ మీద, ఇంజన్ మీద కలిపి ఒక సన్నటి గీత గీయమనండి. తిరిగి ఎక్కించేటప్పుడు దగ్గరి టైమింగ్ దొరుకుతుంది. డయల్ గేజ్ పెట్టి కొలిచి కడితే ఇంకా మంచిది. పంపు చేయించాక బండి గట్టిగా కొట్టుకుంటున్నా, తెల్లపొగ కక్కుతున్నా ముందు అనుమానించాల్సింది టైమింగ్‌నే, ల్యాబ్‌ని కాదు.

తుక్కు పంపు

ఆటోనగర్ తుక్కు దుకాణాల్లో పంపు వరసలు చూస్తే ఆశ పుడుతుంది. ల్యాబ్ బిల్లు కంటే తక్కువకి, అదే రోజు చేతికి వస్తుంది. కానీ మీ పంపు కారుతోందని మీకు తెలుసు, మిగతా అంతా బాగుందనీ తెలుసు. తుక్కు పంపు గురించి ఏమీ తెలియదు. అది మీ పంపు వయసుదే, దాని రబ్బరూ అంతే పాతది. ఎండలో పొడిగా పడి ఉన్న సీళ్లు ఇంకా తొందరగా పోతాయి. లోపల నీళ్లు చేరి తుప్పు పట్టిందేమో బయటి నుంచి కనపడదు. అంటే దానికీ కిట్టు వేయాలి, బెంచి ఎక్కించాలి. అప్పుడు మిగిలిందేమిటి?

అయినా కొనక తప్పని రోజులుంటాయి. మీ పంపు ఒళ్లే పగిలితే, హెడ్ పట్టేస్తే, కొత్త పార్టు దొరకని మోడల్ అయితే. అప్పుడు రేకు చదవడం నేర్చుకోండి. వీఈ 4/10 ఎఫ్ 2100 ఆర్ అని ఉందనుకోండి: వీఈ రకం, 4 సిలిండర్లకి, ప్లంజర్ (డీజిల్ నెట్టే కడ్డీ) మందం 10 మిల్లీమీటర్లు, ఎఫ్ అంటే మెకానికల్ గవర్నర్, 2100 పంపు తిరిగే వేగం, ఆర్ అంటే కుడివైపు తిరిగేది. ఎల్ అని ఉంటే ఎడమవైపు. తిరిగే దిక్కు తేడా ఉన్న పంపు ఎంత కొత్తగా మెరిసినా మీకు పనికిరాదు. ప్లంజర్ మందం తేడా ఉంటే డీజిల్ కొలత మారిపోతుంది. టర్బో బండి పంపు మీద బూస్ట్ గొట్టం వచ్చి తగిలే డబ్బా ఒకటి అదనంగా ఉంటుంది. టర్బో లేని పంపు తెచ్చి టర్బో బండికి పెడితే లాగదు. ఇవన్నీ కుదిరాక పది అంకెల కంపెనీ నంబరు కూడా కలిస్తే అదృష్టం. రేకు పీకేసి ఉన్న పంపు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ఇరుసు చేత్తో తిప్పి చూడండి. పట్టీపట్టనట్టు ఆగి ఆగి తిరగడం సహజం, క్యామ్ ఎక్కి దిగుతుంది. గరగరమంటే వదిలేయండి. వెనక పైపుల మూతలు లేకుండా ఎన్నాళ్లుగా పడుందో అడగండి, ఆ రంధ్రాల్లో టార్చి వేసి తుప్పు ఉందేమో చూడండి. "బెంచి మీద ఫెయిలైతే వెనక్కి తీసుకుంటా" అనే మాట బిల్లు మీద రాయించుకోండి.

ఎక్స్‌ఛేంజి, కొత్తది

మీ పాత పంపు ఇచ్చేసి, అప్పటికే బాగుచేసి ఉంచిన అదే నంబరు పంపు తీసుకోవడం ఎక్స్‌ఛేంజి. రోజు ఆగితే రోజు సంపాదన పోయే బండికి ఇది మంచి దారి. పాడేరు, అరకు ఘాట్ల మీద కూరగాయలు, కాఫీ గింజలు దించే పికప్‌లు, స్కూలు ట్రిప్పులు తిప్పే వ్యాన్లు ల్యాబ్ ముందు రోజుల తరబడి నిలబడలేవు. ఎక్స్‌ఛేంజి పంపుకి బెంచి కాగితం, వారంటీ రాసిచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి. తెచ్చిన పంపు మీద రేకు, మీ పాత రేకు పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాకే పాతది వదలండి. సొంతానికి, వారానికి రెండుసార్లు తీసే బండి అయితే మీ పంపు మీరే ఉంచుకుని చేయించుకోండి. దాని చరిత్ర మీకు తెలుసు.

కొత్త పంపు గురించి తక్కువ చెబుతాను. దొరికితే, బండి ఇంకా చాలా ఏళ్లు పనిచేసి డబ్బు తెస్తుందంటే సరే. ఇంటి బండికి మాత్రం కొత్త పంపు ఖరీదు చాలాసార్లు బండి విలువలో భయపెట్టేంత వాటా అవుతుంది.

ఆ విలువ లెక్కలోకి కాగితాలు కూడా వస్తాయి. సొంత బండికి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 5,000 రూపాయలు అయింది. 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు. పైన గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్. రెన్యూవల్ ఏడాదిలోపే ఉంటే, ముందు అది చేయించే ఉద్దేశం ఉందో లేదో తేల్చుకోండి. అమ్మేద్దామనుకున్న బండికి హెడ్, రోటర్ మార్పించడం దండగ. నాలుగేళ్లు ఉంచుకునే బండికి బెంచి ఛార్జీ దగ్గర బేరమాడడమూ దండగే.

ఇక ఏ బండికి ఏమిటి అంటే, నా మాట ఇలా ఉంటుంది. ఇంటి డీఐ బొలెరో, పై మూత దగ్గర తడి, నడక బాగుంది: బండి మీదే మూత విప్పించి కంపెనీ ఓ-రింగులు వేయించండి. బెల్ట్ తిప్పే పాత డీజిల్ కారు, ముందు సీలు కారుతోంది: పంపు ల్యాబ్‌కి, బెల్ట్ తుక్కుకి. బెల్ట్ మొన్ననే మార్చామన్నా సరే, డీజిల్ తాగిందంటే మార్చాల్సిందే. బాడుగ పికప్, హెడ్ గీతలో లీకు, స్టార్టింగ్ కూడా మందగించింది: కాగితం ఉన్న ఎక్స్‌ఛేంజి పంపు. ఆయిల్ పెరుగుతున్న ట్రాక్టరు లేదా లారీ: పంపుతో పాటు ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు కూడా మార్పించకుండా స్టార్ట్ చేయనివ్వకండి. వారసత్వంగా వచ్చి, తాతగారి మీద ప్రేమతో ఉంచుకున్న అంబాసిడర్: అక్కడ నా లెక్కలు పనిచేయవు. మంచి ల్యాబ్ పట్టుకుని, ఎంతైతే అంత.

ఎక్కించాక తొందరపడి సెల్ఫ్ ఆపకుండా కొట్టించకండి. ముందు చేతి ప్రైమర్‌తో గాలి పూర్తిగా తీసి, ఇంజెక్టర్ల దగ్గర నట్లు కొంచెం వదులు చేసి, పది పదిహేను సెకన్లు కొట్టి ఆపుతూ, డీజిల్ చుక్కలు కనపడ్డాక బిగించాలి. లేకపోతే పంపు బాగుపడి స్టార్టర్ మోటారు కాలుతుంది. మొదటి రోజు దగ్గర్లోనే, మధురవాడ దాకానో ఆనందపురం దాకానో వెళ్లొచ్చి మళ్లీ టాల్కం పౌడర్ చల్లి చూడండి. కొత్త వాషర్లు వేడెక్కి చల్లారాక కొన్ని కాస్త సర్దుకుంటాయి. అప్పుడు చుక్క కనపడితే ఇంకోసారి టార్క్ చూపించండి. వారం పాటు ప్రతి పొద్దునా స్టార్ట్ చేసేముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం ఎక్కడుందో ఫొటో పెట్టుకోండి. మట్టం పెరగకపోతే పాత పార్టుల సంచి ఇంటికి తెచ్చుకోవచ్చు. పెరిగితే ల్యాబ్ బిల్లూ, ఆ ఫొటోలూ పట్టుకుని వారంటీలోపే వెళ్లండి.